లియోన్‌లో ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ నడవాలి?

నమస్కారం. నా వెనక పారుతున్నది సోన్ నది. అవతలి ఒడ్డున, గుట్ట మీద తెల్లగా కనిపిస్తున్నది ఫూర్వియేర్ చర్చి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మను వెంటబెట్టుకుని ఫ్రాన్సులోని ఈ లియోన్ నగరంలో మూడు రోజులు తిరిగాను. ఇక్కడ మెట్రో, కొండ రైలు, సైకిలు, నడక... ఏది ఎక్కడ అక్కరకొస్తుందో చెబుతాను.

ముందు ఊరి రూపం గుర్తుపెట్టుకోండి. రోన్, సోన్ నదుల మధ్య నాలుకలా సాగిన చదునైన నేల ఒకటి. పడమట ఫూర్వియేర్ గుట్ట, ఉత్తరాన క్రువా రూస్ గుట్ట. రోమన్లు క్రీస్తుపూర్వం 43లో ఊరు కట్టుకున్నది ఫూర్వియేర్ మీదే. దాని పాదాల దగ్గరే పాత లియోన్.

పారిస్ నుంచి టీజీవీ అనే అతివేగ రైలు రెండు గంటల్లో పార్ దియూ స్టేషన్‌కు చేరుస్తుంది. అక్కడ మెట్రో బి ఎక్కి, సాక్స్ గంబెట్టాలో డి మార్గానికి మారితే నేరుగా పాత లియోన్. డి రైళ్లు 1992 నుంచి డ్రైవర్లు లేకుండానే నడుస్తున్నాయి. ముందు పెట్టెలో అద్దం దగ్గర నిలబడితే సొరంగమంతా మన మీదికి వస్తున్నట్టుంటుంది. ఆ రాత్రి అమ్మ ఇంటికి ఫోను చేసి చర్చి ఊసే ఎత్తలేదు, ఈ రైలు గురించే చెప్పింది.

ఇక నా తప్పు. పాత లియోన్ స్టేషన్‌లో రెండు ఫ్యునిక్యులర్లు ఉంటాయి, అంటే తాడు లాగితే కొండెక్కే రైళ్లు. ఒకటి ఫూర్వియేర్‌కు, రెండోది సేన్ జస్ట్‌కు. "బోర్డు మీద చర్చి పేరు లేదేమిటి?" అని అమ్మ అడుగుతూనే ఉంది. నేను వినకుండా రెండోది ఎక్కించాను. తీరా మధ్యలో మినిమ్ స్టేషన్‌లో దిగితే పక్కనే రోమన్ల రంగస్థలం! అది చూసి, కిందికి వచ్చి, అసలు రైలెక్కాం. టికెట్ గంటసేపు చెల్లుతుంది కాబట్టి మళ్లీ కొనే పని పడలేదు. అదే టికెట్‌తో మెట్రో, ట్రాము, బస్సు కూడా ఎక్కవచ్చు.

చర్చి నుంచి దిగడానికి రొజేర్ తోట దారి చాలా బాగుంటుంది. కానీ మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఎక్కుడు కన్నా దిగుడే కష్టం. అమ్మ రైల్లో దిగింది, నేను తోటలోంచి దిగాను. నేను వచ్చేసరికి ఆమె కాఫీ సగం తాగేసింది.

పాత లియోన్‌లో మాత్రం నడకే. సేన్ జాన్ వీధిలో 54వ నంబరు తలుపు తోయండి. చీకటి నడవా, గోడకు వరుసగా ఉత్తరాల పెట్టెలు, చిన్న ముంగిలి, మళ్లీ నడవా... చివరికి బెఫ్ వీధిలో 27వ నంబరు దగ్గర తేలుతారు. ఇళ్ల లోపలి నుంచి పోయే ఇలాంటి దారులను ట్రబూల్ అంటారు. జనం కాపురాలుంటున్న ఇళ్లు, గొంతు తగ్గించండి. చక్రాల సూట్‌కేసుతో మాత్రం ఈ వీధుల్లోకి రావద్దు. రాళ్లు పరిచిన బాట మీద మాది ఒక చక్రం పోగొట్టుకుంది.

అద్దె సైకిలు రోన్ ఒడ్డున హాయి, గుట్టల మీద శిక్ష.

క్రువా రూస్ ఒకప్పటి పట్టు నేతగాళ్ల గుట్ట. అక్కడికి మెట్రో సి రంపంలాంటి పళ్లున్న పట్టాను పట్టుకుని ఎక్కుతుంది. మధ్యలో వచ్చే క్రువా పాకే స్టేషన్ ప్లాట్‌ఫారమే ఏటవాలు. ఆ మాట విన్నప్పుడు నేను అతిశయోక్తి అనుకున్నాను. అమ్మ సంచిలోంచి జారిన నారింజపండు ఆగకుండా దొర్లుకుంటూ పోయింది. చివర నిలబడ్డ ఒక కుర్రాడు, అలవాటే అన్నట్టు, తల ఎత్తకుండానే కాలితో ఆపాడు.