లెనాక్స్‌లో నాలుగు వేసవులు

సంగీతాభిమానులందరికీ నమస్కారం.

1950ల అమెరికాలో, టెక్సస్‌లోనూ బోస్టన్‌లోనూ ఒకటి రెండు సంస్థలు జాజ్‌కు తరగతి గదుల్లో చోటిచ్చినా, ఆ విద్య ఎక్కువగా రికార్డులను అరిగిపోయేదాకా వినడం వల్లా, రాత్రిపూట క్లబ్బుల్లో పెద్దల సరసన నిలిచి తప్పులు వాయించడం వల్లా అబ్బేది. దాన్ని పాఠాలుగా అమర్చే ప్రయత్నాల్లో అందరికంటే సాహసించినది మసాచుసెట్స్‌లోని లెనాక్స్ వేసవి పాఠశాల అని నా అభిప్రాయం.

బోస్టన్ సింఫనీ వేసవి విడిది టాంగిల్‌వుడ్‌కు దగ్గరలో ఫిలిప్, స్టెఫానీ బార్బర్ దంపతులు 1950లో ఒక ఎస్టేటుకు చెందిన పాత గుర్రపుశాలలను కొని, ‘మ్యూజిక్ ఇన్’ పేరిట అతిథిగృహంగా మలిచారు. జాజ్ చరిత్రకారుడు మార్షల్ స్టెర్న్స్ అక్కడ నడిపిన జాజ్ చర్చాగోష్ఠుల ఒరవడిలోనే 1957 ఆగస్టులో, మోడర్న్ జాజ్ క్వార్టెట్ పియానిస్టు జాన్ లూయిస్ సారథ్యంలో, మూడు వారాల పాఠశాల మొదలైంది. ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిలెస్పీ, డ్రమ్స్ విద్వాంసుడు మ్యాక్స్ రోచ్ వంటివారు గురువులు. విద్యార్థులను చిన్న బృందాలుగా విడదీసి, ఒక్కొక్క బృందాన్ని ఒక్కొక్క గురువు చేతిలో పెట్టి, చివర కచేరీ చేయించేవారు. స్వరకర్త గంథర్ షుల్లర్ జాజ్ చరిత్ర చెప్పేవారు. జార్జ్ రస్సెల్ లిడియన్ స్వరశ్రేణి పునాదిగా తాను నిర్మించిన సిద్ధాంతాన్ని బోధించేవారు. ఆ స్వరాలు మన మేచకల్యాణివే కనుక, కర్ణాటక సంగీతం తెలిసినవారికి ఆ పాఠం అంత పరాయిగా తోచదు.

1959లో వచ్చిన ఇద్దరు విద్యార్థుల వల్లే ఈ బడి పేరు నేటికీ వినబడుతోంది. తెల్లని ప్లాస్టిక్ శాక్సోఫోన్‌తో ఆర్నెట్ కోల్‌మన్, చిన్న పాకెట్ ట్రంపెట్‌తో డాన్ చెర్రీ వచ్చారు. ఫీజు అట్లాంటిక్ రికార్డు సంస్థ కట్టింది. అప్పటికి కోల్‌మన్ వయసు 29 ఏళ్లు. మే నెలలోనే ఆ సంస్థకు ఒక ఆల్బమ్ రికార్డు చేశారు. అటువంటివారిని శిష్యుల వరుసలో కూర్చోబెట్టడం వింతే. లూయిస్, షుల్లర్ ఆయనను నెత్తిన పెట్టుకున్నారు గాని, గురువులందరికీ ఆయన వాయించే తీరు రుచించలేదు. నవంబరులో న్యూయార్క్ ఫైవ్ స్పాట్ క్లబ్బులో ఆయన వాయించినప్పుడు ఇదే తగవు నగరమంతటికీ పాకింది.

డబ్బు చాలక 1960తో బడి మూతపడింది. అక్కడ చదివిన డేవిడ్ బేకర్ 1968లో ఇండియానా విశ్వవిద్యాలయంలో జాజ్ విభాగాన్ని నెలకొల్పారు. మరో విద్యార్థి రాన్ బ్లేక్, షుల్లర్ అధ్యక్షులుగా ఉన్న న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీలో 1970ల తొలినాళ్లలో ఒక విభాగానికి పెద్దయ్యారు. అక్కడ బ్లేక్ తన శిష్యుల ముందు మొదట పెట్టినది స్వరలిపి కాదు, రికార్డులు.