వారం వాయిదాల అప్పు బతుకు మార్చిందా? హైదరాబాద్ బస్తీల లెక్క మనమే చేసి చూద్దాం

నమస్కారం. ఈ వీడియోలో ఒకే ఒక అధ్యయనాన్ని తీసుకుని, దాని లెక్క మొదటి నుంచి చేద్దాం. చోటు హైదరాబాద్. ప్రశ్న మనకు కొత్తది కాదు: జట్టుగా తీసుకుని వారం వారం వాయిదా కట్టే చిన్న అప్పులు పేద కుటుంబాలను పైకి తెచ్చాయా? వ్యాపారం, ఇంటి ఖర్చు, ఆరోగ్యం, పిల్లల చదువు అన్నీ ఈ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి. కాగితం, పెన్ను, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ ఈ రోజు అక్కర్లేదు.

ముందు ఆ అప్పు ఎలా ఉండేదో చూద్దాం. స్పందన అనే సంస్థ ఆరు నుంచి పదిమంది మహిళలను ఒక జట్టుగా చేర్చి, ఒకరికొకరు పూచీగా ఉండే పద్ధతిలో డబ్బు ఇచ్చేది. మొదటి అప్పు 10,000 రూపాయలు, గడువు 50 వారాలు. వడ్డీ 12 శాతం, కాని అది ఫ్లాట్ వడ్డీ. వారం వారం అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 10,000 మీదే పడుతుంది. ఏడాది పొడవునా సగటున మీ చేతిలో ఉండే అసలు దాదాపు సగమే కాబట్టి నిజంగా పడే వడ్డీ రేటు 24 శాతం దగ్గరికి వెళ్తుంది. ఇది మన పాఠానికి అంత ముఖ్యం కాదు, కాని అప్పు కాగితం మీద సంతకం పెట్టేవాళ్లకు చాలా ముఖ్యం. ఇంకో మాట, దీన్ని డ్వాక్రా సంఘాలతో కలపకండి. అవి పొదుపుతో మొదలయ్యే సంఘాలు, వాటి కథ వేరు.

ఇప్పుడు అందరికీ తట్టే మొదటి పద్ధతి. అప్పు తీసుకున్న వంద కుటుంబాలు, తీసుకోని వంద కుటుంబాలు. రెండు వైపులా ఆదాయం లెక్కగట్టి తేడా చూస్తే సరిపోదా? సరిపోదు. అప్పుకు ముందుకు వచ్చేది ఎవరో ఆలోచించండి. కుట్టుమిషను కొని నాలుగు డబ్బులు సంపాదించాలనే పట్టుదల ఉన్నావిడ రావచ్చు. ఇంట్లో జబ్బుతో చేతిలో డబ్బు ఆడక వచ్చే ఆవిడా ఉండవచ్చు. మొదటి రకంవాళ్లు ఎక్కువైతే అప్పు మేలు చేసినట్టు కనిపిస్తుంది, రెండో రకం ఎక్కువైతే కీడు చేసినట్టు కనిపిస్తుంది. అప్పు వల్ల పైసా తేడా రాకపోయినా సరే! దీనికి తోడు, వాయిదా కట్టలేకపోవచ్చనిపించిన మనిషిని తోటి మహిళలు జట్టులోకి రానివ్వరు, ఎందుకంటే పూచీ వాళ్లదే. వయసు, చదువు, ఇంట్లో ఎంతమంది అనేవి లెక్కలో సరిదిద్దుకోవచ్చు. పట్టుదలను ఏ గడిలో రాస్తారు?

ఈ అధ్యయనం చేసిన ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, రేచెల్ గ్లెనెర్‌స్టర్, సింథియా కిన్నన్ ఈ చిక్కును లాటరీతో విప్పారు. ముందు 120 బస్తీలు ఎంచుకున్నారు. వలస కూలీలు ఎక్కువగా ఉన్న 16 బస్తీలను పక్కన పెడితే 104 మిగిలాయి. తలసరి ఖర్చు వంటి విషయాల్లో దగ్గరగా ఉన్న బస్తీలను జంటలు చేశారు. ప్రతి జంటలో ఒక బస్తీకి లాటరీ తగిలింది. అంటే 52 బస్తీల్లో స్పందన 2006, 2007 ప్రాంతంలో పని మొదలుపెట్టింది, మిగతా 52 చోట్లకు అప్పటికి వెళ్లలేదు. ఏడాదిన్నర కావస్తుండగా 6,800కు పైగా కుటుంబాలను సర్వే చేశారు. లాటరీ వేసింది బస్తీలకు కాబట్టి పట్టుదల ఉన్నవాళ్లు, ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు రెండు వైపులా సుమారు సమానంగానే ఉంటారు. వాళ్లను కొలవాల్సిన పని తప్పింది.

తెర మీద రెండు అంకెలు చూడండి. స్పందన రాని బస్తీల్లో ఏదో ఒక మైక్రోఫైనాన్స్ సంస్థ (ఇలాంటి చిన్న అప్పులిచ్చే సంస్థ) దగ్గర అప్పు ఉన్న కుటుంబాలు 18.3 శాతం. స్పందన వచ్చిన బస్తీల్లో 26.7 శాతం. తేడా 8.4 శాతం పాయింట్లు. ఈ 8.4ను పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి, వీడియో అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి వైపు 18.3 ఎందుకుంది, సున్నా ఉండాలి కదా అంటారు. స్పందన రాకపోయినా వేరే సంస్థలు వచ్చాయి, అప్పట్లో నగరంలో పోటీ అలా ఉంది. రెండో వైపు 26.7 మాత్రమే ఎందుకు? గుమ్మం దగ్గరికి వచ్చిన అప్పునైనా అందరూ తీసుకోరు. ఏది ఏమైనా, పోల్చేటప్పుడు బస్తీలోని అందరినీ కలిపి సగటు కట్టాలి, అప్పు తీసుకోనివాళ్లతో సహా. వాళ్లను తీసేస్తే లాటరీ చేసిన మేలంతా పోయి, మళ్లీ పట్టుదల, ఇబ్బంది అనే పాత చిక్కులోకే వచ్చి పడతాం.

ఇప్పుడు లెక్క. ఈ అంకెలు అభ్యాసం కోసం నేను అనుకున్నవి, అధ్యయనంలోవి కావు. రెండు రకాల బస్తీల మధ్య నెలవారీ తలసరి ఖర్చులో తేడా 10 రూపాయలు, దాని ప్రామాణిక దోషం (శాంపిల్ మారితే ఈ తేడా మామూలుగా ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే అంకె) 40 అనుకుందాం. అటూ ఇటూ రెండు ప్రామాణిక దోషాలు తీసుకుంటే పరిధి మైనస్ 70 నుంచి ప్లస్ 90. సున్నా మధ్యలోనే ఉంది, కాబట్టి “తేడా కనిపించలేదు” అంటాం. ఇక్కడ ఆగి ఒక భాగహారం చేయండి. వంద కుటుంబాల్లో అదనంగా అప్పు తీసుకున్నవి ఎనిమిదే కదా. బస్తీ సగటులో కనిపించిన తేడా అంతా ఆ ఎనిమిది ఇళ్ల నుంచే వచ్చిందనుకుంటే, 10ని 0.084తో భాగించాలి. 119 వస్తుంది. పరిధిని కూడా భాగించండి: మైనస్ 833 నుంచి ప్లస్ 1,071! అప్పు తీసుకున్న ఇంటికి పెద్ద మేలు జరిగినా, పెద్ద నష్టం జరిగినా ఈ పరిధిలో ఇమిడిపోతుంది. “తేడా కనిపించలేదు” అన్న మాటను “ప్రభావం సున్నా” అని రాసేవాళ్లు ఈ భాగహారం చేయరు. నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే తప్పు ఇదే.

ఈ భాగహారంలో ఒక ఊహ దాగి ఉంది: అప్పు తీసుకోని పొరుగింటి మీద ఏ ప్రభావమూ పడలేదని. దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

తర్వాతిది, ప్రామాణిక దోషం లెక్కించే తీరు. 6,800 కుటుంబాలంటే చాలా పెద్ద శాంపిల్ అనిపిస్తుంది. కాని అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం, గిన్నెలోని మెతుకులన్నీ ఒకేలా ఉడుకుతాయి కనుక. అదే గిన్నెలోంచి 65 మెతుకులు చూసినంత మాత్రాన 65 గిన్నెలు చూసినట్టు కాదు. ఒకే బస్తీలోని ఇళ్లకు ఒకే కూలి అడ్డా, ఒకే నీళ్ల కుళాయి, ఒకే మురుగు కాలువ. కాబట్టి వాళ్ల ఆదాయాలు, జబ్బులు కలిసి కదులుతాయి. దీనికి చిన్న సూత్రం ఉంది: బస్తీలో ఇళ్ల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, ఇళ్ల మధ్య పోలిక గుణకంతో (ఒకే బస్తీలోని ఇళ్లు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె) గుణించి, ఒకటి కలపాలి. బస్తీకి 65 ఇళ్లు, పోలిక గుణకం 0.05 అనుకుంటే, 64 ఇంటూ 0.05 అంటే 3.2, ఒకటి కలిపితే 4.2. 104 బస్తీలకు 65 చొప్పున వచ్చే 6,760 ఇళ్లను 4.2తో భాగిస్తే సుమారు 1,610. విడివిడిగా 1,610 ఇళ్లను ఎంచుకుని సర్వే చేస్తే ఎంత సమాచారం వస్తుందో, అంతే మన చేతికి వచ్చింది. ఈ సర్దుబాటు చేయని లెక్కల్లో ప్రామాణిక దోషం సగానికి పడిపోయి, లేని ప్రభావాలు ఉన్నట్టు కనిపిస్తాయి.

అసలు ఫలితాలకు వద్దాం. ఇవి 2015లో అచ్చయ్యాయి. మొత్తం ఇంటి ఖర్చులో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. ఇంటికి పనికొచ్చే మన్నికైన వస్తువుల మీద ఖర్చు పెరిగింది. మద్యం, పొగాకు, బయట తిండి లాంటి వాటి మీద ఖర్చు తగ్గింది. చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి పెరిగింది, అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ల లాభం సగటున పెరిగింది. ఆ “సగటున” దగ్గర కాస్త ఆగాలి. వంద దుకాణాల్లో 95 చోట్ల మార్పేమీ లేక, ఐదు చోట్ల నెలకు 4,000 చొప్పున పెరిగితే సగటు పెరుగుదల 200 రూపాయలు. అంకె అబద్ధం కాదు, కాని 200 పెరిగిన దుకాణం ఒక్కటీ లేదు. ఈ అధ్యయనంలోనూ లాభం పెరిగింది ఎక్కువగా అప్పటికే బాగా నడుస్తున్న పై వరుస వ్యాపారాల్లోనే. అందుకే సగటుతో పాటు మధ్యగతం (వరుసలో పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉండే విలువ), పై ఐదు శాతం కూడా విడిగా చూడాలి.

ఆరోగ్యం, చదువు, ఇంటి నిర్ణయాల్లో మహిళల మాట వీటిలో చెప్పుకోదగ్గ మార్పేమీ కనబడలేదు. ఇక్కడ ఇంకో జాగ్రత్త కావాలి. ఇరవై అంశాలను విడివిడిగా 5 శాతం గీత దగ్గర (అంటే ఒక్కోదానిలో లేని ప్రభావం ఉన్నట్టు తేలే అవకాశం 5 శాతం) పరీక్షిస్తే, నిజానికి ఏ ప్రభావమూ లేకపోయినా కనీసం ఒకదానిలో “ప్రభావం” తేలే అవకాశం 64 శాతం. 0.95ను ఇరవైసార్లు గుణించి ఒకటిలోంచి తీసేస్తే అదే వస్తుంది. ఆ ఒక్కదాన్నీ పట్టుకుని వ్యాసం రాయడం చాలా తేలిక. అలా జరగకుండా వీళ్లు 16 సామాజిక అంశాలను కలిపి ఒకే సూచీగా చేసి పరీక్షించారు.

ఇప్పుడు పొరుగింటి సంగతి. ఒక బస్తీలో అప్పు పెరిగి కూలి రేట్లు మారితే, పక్క బస్తీ కూలీకి కూడా అదే రేటు అందుతుంది. రెండు వైపులా మారినదాన్ని తేడా తీసే లెక్క పట్టుకోలేదు. దీనికి ఇంకా పెద్ద ఎత్తున జరిగిన సంఘటన కావాలి, అదీ మన దగ్గరే జరిగింది. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవడంతో ఇక్కడ మైక్రోఫైనాన్స్ వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. ఇక్కడ డబ్బు ఇరుక్కుపోయిన సంస్థలు వేరే రాష్ట్రాల జిల్లాల్లోనూ అప్పులు తగ్గించాయి. ఆ జిల్లాల్లోని కుటుంబాలకు మన ఆర్డినెన్సుతో ఏ సంబంధమూ లేదు. ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ ఆ జిల్లాలను, అలా ఇరుక్కోని సంస్థలున్న జిల్లాలతో పోల్చారు. అప్పు తగ్గిన చోట దినకూలి రేట్లు తగ్గాయి. అప్పు ముఖం చూడని కూలీకి కూడా ఆ దెబ్బ తగిలింది.

లెక్క ఇలా ఉంటుంది, మళ్లీ ఊహించిన అంకెలతో: దెబ్బ తగిలిన జిల్లాలో కూలి 100 నుంచి 104కు, తగలని జిల్లాలో 100 నుంచి 108కి పెరిగిందనుకోండి. మొదటి జిల్లాను మాత్రమే చూస్తే కూలి పెరిగినట్టే. తేడాల మధ్య తేడా చూస్తే మైనస్ 4. ఈ మైనస్ 4ను నమ్మాలంటే 2010కి ముందు ఆ రెండు రకాల జిల్లాల్లో కూలి గీతలు సమాంతరంగా నడిచి ఉండాలి. ముందు ఆ గీతలు గీయండి, తర్వాతే తీసివేత.

మీకు పని: పోలిక గుణకాన్ని 0.02గా మార్చి బస్తీల లెక్క మళ్లీ చేయండి. జవాబు మూడు వేలకు కాస్త తక్కువగా రావాలి. ఆ తర్వాత బస్తీలను 104 బదులు 208 చేసి, బస్తీకి ఇళ్లను సగానికి తగ్గించి చూడండి. సర్వేకు డబ్బు పరిమితంగా ఉంటే బస్తీలు పెంచాలా, ఇళ్లు పెంచాలా అన్నది అప్పుడు మీరే చెప్పగలరు.