‘రన్డ్’ అన్న పిల్లవాడు ఏ సూత్రం పట్టుకున్నాడు?

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంగ్లండులో జీసీఎస్‌ఈ పరీక్షలు ముగిశాక, పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో చదివే రెండేళ్ల దశను సిక్స్త్ ఫామ్ అంటారు. వయసును బట్టి చూస్తే అది మన ఇంటర్మీడియెట్‌తో సమానం. ఆ దశలో చదివే కోర్సులను ఎ-లెవెల్ అంటారు. అక్కడి ఒక సిక్స్త్ ఫామ్ కాలేజీలో ఎ-లెవెల్ ఇంగ్లిష్ లాంగ్వేజ్ బోధిస్తున్న గుంటూరు ఆడపడుచు ఈరోజు మనతో ఉన్నారు. మేడమ్, ఇంగ్లిష్ గడ్డ మీద పుట్టిన పిల్లలకు మళ్లీ ఇంగ్లిష్ నేర్పడం ఏమిటండీ?

అతిథి: కాలేజీ చూడడానికి వచ్చే మన తెలుగు తల్లిదండ్రులు కూడా ముందుగా ఈ ప్రశ్నే వేస్తారండీ. ఎ-లెవెల్‌లో లిటరేచర్ వేరు, లాంగ్వేజ్ వేరు, రెండూ కలిపి చదివే సబ్జెక్టు ఇంకొకటి. మేము చెప్పేది ఇంగ్లిష్ మాట్లాడడం కాదు. మనుషులు నిజంగా ఎలా మాట్లాడుతున్నారో, ఎలా రాస్తున్నారో గమనించి, అలా ఎందుకు చేస్తున్నారో ఆధారం చూపించి చెప్పగలగడమే ఈ చదువు. అందుకే మొదటి నెలంతా ‘ఇది తప్పు’ అనే మాటను పిల్లల నోటి నుంచి తప్పించడానికే సరిపోతుంది.

వ్యాఖ్యాత: ఎలా తప్పిస్తారు?

అతిథి: చిన్నపిల్లల మాటలతో మొదలుపెడతాను. మూడేళ్ల పిల్లవాడు ‘ఐ రన్ టు ద పార్క్’ అనలేదు, ‘ఐ ర్యాన్’ అనలేదు, ‘ఐ రన్డ్’ అన్నాడు. ఇంట్లో పెద్దవాళ్లెవరూ ఆ మాట వాడరు కనుక అతడు దాన్ని ఎవరినీ అనుకరించి పలికి ఉండడు. జరిగిపోయిన పనికి చివర ‘డ్’ చేర్చాలనే సూత్రాన్ని, ఎవరూ చెప్పకుండానే, తాను విన్న వందలాది మాటల్లోంచి తనంతట తానే పట్టుకున్నాడు. మన పిల్లవాడు ‘ఇళ్లు’ అనడానికి బదులు ‘ఇల్లులు’ అన్నా జరిగింది అదే.

దీన్ని 1958లో జీన్ బెర్కో అనే భాషా పరిశోధకురాలు ఎంతో అందంగా పరీక్షించారు. పిట్టలాంటి ఒక బొమ్మ చూపించి ‘ఇది వగ్’ అని చెప్పి, ఇంకొక బొమ్మ పక్కన పెట్టి, ‘ఇప్పుడు రెండున్నాయి, ఇవి రెండు...’ అంటూ వాక్యాన్ని మధ్యలో వదిలేశారు. లోకంలో లేని మాట అయినా, చాలామంది పిల్లలు తడుముకోకుండా ‘వగ్జ్’ అన్నారు. అదే ‘టాస్’ లాంటి కల్పిత పదానికి ‘టాసిజ్’ అనడం దగ్గర మాత్రం చాలామంది తడబడ్డారు. ఆ తడబాటు నాకు మరీ ఇష్టం, ఎందుకంటే పిల్లలు ఏ నియమాన్ని ముందు, ఏ నియమాన్ని తర్వాత పట్టుకుంటారో అది చూపిస్తుంది.

వ్యాఖ్యాత: పెద్దవాళ్ల మాటలకూ ఇదే చూపు వర్తిస్తుందా?

అతిథి: అక్కడే అసలు చర్చ మొదలవుతుంది. ‘చదవడం’ అనే అర్థమున్న ‘రీడింగ్’ మాట స్పెల్లింగుతోనే రాసి, ‘రెడింగ్’ అని పలికే ఊరొకటి ఇంగ్లండులో ఉంది. అక్కడి ఆటస్థలాల్లో కుర్రకారు ‘ఐ నో’ అనడానికి బదులు ‘ఐ నోస్’ అనడాన్ని జెన్నీ చెషైర్ అనే భాషావేత్త పరిశీలించి, 1982లో ప్రచురించారు. తమ స్నేహితుల ముఠాలో ఎంత కలిసిపోతే అలాంటి రూపాలు అంత ఎక్కువగా వినిపించాయి. అంటే అది వ్యాకరణం రాకపోవడం కాదు, ‘నేను మీవాడినే’ అని చెప్పుకోవడం. ఈ పాఠం చెప్పినప్పుడల్లా నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొస్తారు. జనం నాలుక మీదున్న తెలుగుకు బడిలో చోటు ఉండాలని ఆయన పోరాడారు కదా, ఆ వాదన పూర్తిగా అర్థమైంది నాకు ఇంగ్లండు తరగతి గదిలోనే.

వ్యాఖ్యాత: మరి పరీక్షలు?

అతిథి: మేము అనుసరించే ఏక్యూఏ బోర్డులో రెండున్నర గంటల పేపర్లు రెండుంటాయి, ఒక్కొక్కదానికి 40 శాతం. మిగిలిన 20 శాతం విద్యార్థి సొంత పని. అందులో 2,000 పదాల భాషా పరిశోధన ఒకటి, సొంత రచన, దానిపై వ్యాఖ్యానం ఇంకొకటి. నా ప్రాణమంతా ఆ పరిశోధన మీదే ఉంటుంది.

ఒక తెలుగమ్మాయి, వాళ్లమ్మ అనుమతి తీసుకుని, ఆవిడ ఇంగ్లిష్‌లో మాట్లాడిన రెండు ఫోన్ సంభాషణలను రికార్డు చేసింది. ఒకటి ఆఫీసు వాళ్లతో, రెండోది అమెరికాలో పెరిగిన మేనకోడలితో. ఎదుటివారి తీరును బట్టి మన మాటతీరు దగ్గరవుతుందో దూరమవుతుందో చెప్పే హోవర్డ్ గైల్స్ సిద్ధాంతాన్ని పక్కన పెట్టుకుని, ప్రతి మాటనూ, ప్రతి విరామాన్నీ రాసుకుంది. ఆఫీసు వాళ్లతో ఒక్కసారి కూడా రాని ‘కదా’, మేనకోడలితో ఇంగ్లిష్ వాక్యాల చివర పదకొండుసార్లు వచ్చింది. ‘యూ ఆర్ కమింగ్ ఇన్ డిసెంబర్, కదా?’ అన్నట్టుగా.

వ్యాఖ్యాత: వాళ్లమ్మగారు ఏమన్నారు?

అతిథి: మొదట సిగ్గుపడి, అవన్నీ తీసేయమని కూతురిని అడిగారట. ఆ అమ్మాయి తీయలేదు. తెలుగులోని ‘కదా’ ఒక్కటే చేసే పనికి ఇంగ్లిష్‌లో ‘ఆరెంట్ యూ’, ‘డిడ్ హి’, ‘వోంట్ దే’ అంటూ వాక్యానికొక తోక కావాలని, వాళ్లమ్మ వాడింది ఆ పని చేయగల చిన్న మాటనేనని పట్టిక వేసి చూపించింది. ఏడో ‘కదా’కు ముందు ఆవిడ కాసేపు ఆగారు. అది అర సెకనా, ముప్పావు సెకనా అని నేనూ ఆ అమ్మాయీ చెవికి హెడ్‌ఫోన్లు పెట్టుకుని నాలుగుసార్లు విన్నాం.