గ్రీన్ ఆఫీసా? ముందు పడమటి గోడ చూడండి

[దృశ్యం: మధురవాడ ఐటీ హిల్స్, నిలువెత్తు అద్దాల భవనం]

వాయిస్: గ్రీన్ బిల్డింగ్ అనగానే చాలామంది మేడమీద సోలార్ ఉందా అని చూస్తారు. నేనైతే ముందు పడమటి గోడ చూస్తాను.

విశాఖకు సముద్రం తూర్పున. వ్యూ అటే, చల్లగాలీ అటే. పడమర నుంచి వచ్చేది మధ్యాహ్నపు ఎండ. అటు కూడా అద్దాలే బిగిస్తే మూడింటికల్లా బ్లైండ్లు దించేయాల్సిందే. వెలుతురు కోసం పెట్టిన అద్దం వెనక పట్టపగలే లైట్లు! ఏసీకి ఇక విరామమే ఉండదు.

[యానిమేషన్: కిటికీ మీద నీడ కదలడం]

దక్షిణపు కిటికీకి పైన సజ్జా చాలు, ఎండ పైనుంచి పడుతుంది కాబట్టి. సాయంత్రపు ఎండ అలా కాదు, ఏటవాలుగా సజ్జా కిందనుంచే దూరిపోతుంది. అక్కడ నిలువు పలకలు కావాలి. ఇంకా తెలివైన పని, మెట్లు, లిఫ్టు, టాయిలెట్లు, స్టోర్ రూము అన్నీ పడమర వైపు పెట్టేయడం. వేడిని అవే కాసుకుంటాయి. ప్లాను గీసేటప్పుడే ఆలోచిస్తే పెద్ద ఖర్చూ ఉండదు. కట్టేశాక మాత్రం వాటి చోటు మార్చడం ఏ ఆర్కిటెక్టుకైనా కష్టమే.

మరి ఏసీ? మే నెల ఉక్కపోతలో అది లేకుండా పనిచేయమనడం అన్యాయం. 24 డిగ్రీల దగ్గర పెట్టి, పైన ఫ్యాన్ తిప్పితే చాలు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. తెరుచుకునే కిటికీలుంటే డిసెంబరు, జనవరిలో ఏసీ అవసరం బాగా తగ్గుతుంది.

[దృశ్యం: ఇటుకల బట్టీ కాదు, బూడిద ఇటుకల యూనిట్]

సామగ్రి విషయంలో మనం అదృష్టవంతులం. పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం ఉంది, దాని బూడిదతో ఇటుకలు చేయొచ్చు. స్టీల్ ప్లాంట్ స్లాగ్, అంటే ఇనుము తీశాక మిగిలే చిట్టెం, సిమెంటులోకి పనికొస్తుంది. స్లాగ్ సిమెంటుతో కాలుష్యం తగ్గడమే కాదు, ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుము తొందరగా తుప్పు పట్టదు. బీచ్‌కి దగ్గర్లో కట్టేవాళ్ళకి ఇదే అసలు లాభం.

[గ్రాఫిక్: 1000 చదరపు మీటర్ల స్లాబ్ + 1 సెంటీమీటరు వాన = 10,000 లీటర్లు]

ఈ నీళ్ళు డ్రైనేజీలోకి పోనివ్వకుండా ట్యాంకుకో, ఇంకుడు గుంతకో మళ్ళించాలి.

సోలార్ చివర్లో ఎందుకంటే, ముందు వాడకం తగ్గితే తక్కువ ప్యానెళ్ళతోనే సరిపోతుంది. పైగా ఇది 2014లో హుద్‌హుద్ చూసిన ఊరు. ప్యానెళ్ళ ఫ్రేములు గాల్వనైజ్డ్‌వి, అంటే తుప్పు పట్టకుండా జింకు పూత పూసినవి కావాలి, స్లాబ్‌కి గట్టిగా బిగించాలి. కొటేషన్‌లో ధరతో పాటు, ఎంత గాలిని తట్టుకుంటుందో కూడా రాయించుకోండి.