ఆపరేషన్ చేయించుకున్నవారి పక్కన ఉండేవారికి

శ్రోతలకు నమస్కారం.

మన విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా అందం కోసం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఆ మాట నలుగురిలో చెప్పరు. విశాఖపట్నం వెళ్లి చేయించుకుని వస్తారు. ఎవరైనా అడిగితే కడుపులో గడ్డ తీయించుకున్నామంటారు. రొమ్ములు పెరిగి చొక్కా విప్పడానికి సిగ్గుపడే కుర్రాడైనా, కాన్పుల తరువాత జారిన పొట్టను సరిచేయించుకున్న ఇల్లాలైనా అంతే. ఆ గుట్టును నేను తప్పుపట్టను. అయితే ఇంట్లో ఒక్కరికైనా ఉన్నదున్నట్టు చెప్పాలి. మొదటి రెండు రోజులూ, ముఖ్యంగా మొదటి రాత్రి, ఆ ఒక్కరు పక్కనే ఉండాలి. ఈ ప్రసంగం ఆ తోడు మనిషి కోసమే.

ముందు ప్రయాణం సంగతి. విశాఖ నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లు దాటుతుంది. రైల్లో వస్తే ఆమదాలవలసలో దిగి మళ్లీ ఆటో ఎక్కాలి. సంచులన్నీ మీరే మోయండి. కారులో వస్తుంటే మధ్యలో ఆపించి నాలుగడుగులు నడిపించండి. కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఇంట్లోనూ అంతే. బరువులు ఎత్తనివ్వకూడదు గానీ, రోజంతా మంచం మీదే ఉంచకూడదు.

వాపు రెండో రోజో మూడో రోజో ఇంకా పెరుగుతుంది. ముక్కుకు చేయించుకుంటే కళ్ల చుట్టూ కమిలి నల్లబడుతుంది. అప్పుడు అద్దం చూసుకుని, ‘ఎందుకు చేయించుకున్నానా’ అని ఏడ్చేవాళ్లు చాలామంది. ఆపరేషన్ చెడిపోయిందని కాదు, అసలు రూపం తేలడానికి నెలలు పడుతుంది. ‘నేను ముందే వద్దన్నాను కదా’ అనే మాట ఆ రోజుల్లో మీ నోట రానివ్వకండి.

కొందరికి గాయం పక్క నుంచి సన్నని గొట్టం, దాని చివర కోడిగుడ్డంత మెత్తని బుడ్డి పెట్టి పంపుతారు. లోపల ఊరే నీరూ నెత్తురూ అందులోకి వస్తాయి. సబ్బుతో చేతులు కడుక్కుని, మూత తీసి, బుడ్డిలోది కొలత గ్లాసులోకి వంచండి. ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, ఏ రంగులో ఉందో, ఏ వేళకు తీశారో కాగితం మీద రాయండి. తరువాత బుడ్డిని గట్టిగా నొక్కి, ఆ నొక్కు వదలకుండానే మూత బిగించండి. నొక్కకుండా మూసేస్తే అది లాగదు, నీరు లోపలే నిలిచిపోతుంది. గొట్టం ఎప్పుడు తీయాలో నిర్ణయించడానికి డాక్టరుకు మీ కాగితమే ఆధారం.

పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు తింటే గాయం మానదని పత్యం పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు వాటిలోనే ఉన్నాయి. డాక్టరు వద్దంటే తప్ప పప్పు, గుడ్డు, చేప పెట్టండి. చోడి అంబలి, అంటే రాగి అంబలి, ఇవ్వవచ్చు, కానీ దానితోనే సరిపెట్టకండి. కుట్ల మీద పసుపు మాత్రం రాయకండి.

మన పల్లెల్లో చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలున్నారు, ఇంటి మగవాళ్ల బీడీలు సరేసరి. పొగాకులోని నికోటిన్ చర్మంలోని సన్నని రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. పొట్ట ఆపరేషన్లో చర్మాన్ని లేపి, లాగి కుడతారు కాబట్టి దానికి అందే రక్తం అసలే తక్కువ. అది ఇంకా తగ్గితే కుట్ల అంచు నల్లబడి చచ్చిపోతుంది. రోగి పొగ మానడం ఒక్కటే చాలదు. అమ్మమ్మను కొన్నాళ్లు వీధి అరుగు మీద కాల్చుకోమని బతిమాలండి.

ఇక ఆలస్యం చేయకూడనివి. ఒకవైపే ఉన్నట్టుండి ఉబ్బి గట్టిపడినా, మాత్రలకు లొంగని నొప్పి వచ్చినా, కట్టు నెత్తురుతో తడిసిపోతున్నా, అర్ధరాత్రి అని చూడకుండా డాక్టరుకు ఫోను చేయండి. లోపల రక్తం చేరుతుండవచ్చు. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, గాయం నుంచి దుర్వాసన వచ్చినా చెప్పండి. ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా ఆ పూటే ఆసుపత్రిలో చూపించాలి. ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే 108కి ఫోను చేయండి. అంబులెన్స్ వచ్చాక కడుపులో గడ్డ అని చెప్పకండి. ఏ ఆపరేషన్ జరిగిందో, ఏ రోజు జరిగిందో చెప్పి, డిశ్చార్జి కాగితం, మందుల చీటీ వాళ్ల చేతిలో పెట్టండి.