మా పిల్లోడు ఏం నేర్చుకున్నాడు సార్?
(అనంతపురం జిల్లాలో ఒక స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో, అంటే చుట్టుపక్కల బళ్ళ వాళ్ళంతా కలిసే మీటింగులో, ఒక టీచరు మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. సార్లకి, మేడమ్‌లకి, కూలి పని మానుకుని వచ్చిన ఎస్‌ఎంసీ (బడి యాజమాన్య కమిటీ) చైర్మన్లకి, ఆ వెనక కూర్చున్న అమ్మలకి. వెనక ఎందుకమ్మా, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి కదా, రండి రండి. నాకిచ్చిన టాపిక్ "చిన్న పాఠశాలల్లో తల్లిదండ్రుల భాగస్వామ్యం" అంట. పేరు పెద్దగా ఉంది గానీ సంగతి చిన్నదే, మన బడికి వచ్చే పిల్లోడు ఏం నేర్చుకుంటున్నాడో వాళ్ళింట్లో వాళ్ళకి ఎట్ల చెప్తున్నాం, అసలు చెప్తున్నామా లేదా, దాని మీదే నాలుగు మాటలు.

ఇది మనం మంచితనంతో చేసే ఎక్స్‌ట్రా పని అని చాలామంది అనుకుంటారు. కాదు సార్. 2009 విద్యాహక్కు చట్టంలో 24వ సెక్షన్ టీచర్ల డ్యూటీలు చెప్తుంది, టైముకి రావాల, సిలబస్ పూర్తి చేయాల, ఇవి మనకి బాగా గుర్తుంటాయి ఎందుకంటే ఎవరొచ్చినా ఇవే అడుగుతారు కాబట్టి. అదే సెక్షన్లో ఇంకొకటి కూడా ఉంది, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా మీటింగులు పెట్టి పిల్లోడు బడికి సరిగ్గా వస్తున్నాడా, వాడి నేర్చుకునే శక్తి ఎట్లుంది, ఎంతవరకు నేర్చుకున్నాడు, ఇవన్నీ వాళ్ళకి తెలియజేయాల అని. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ లైన్లో ఎక్కడా మార్కులు చెప్పండి అని లేదు, నేర్చుకున్నది చెప్పండి అని ఉంది. మనం మాత్రం మార్కులు చెప్పి డ్యూటీ అయిపోయిందనుకుంటాం.

మనకి జరిగేది ఏంది? ఎఫ్ఏ, అంటే ఏడాది మధ్యలో పెట్టే నిర్మాణాత్మక మూల్యాంకనం, అయిపోతుంది. పిల్లల భాగస్వామ్యం, రాత అంశాలు, ప్రాజెక్టు పని, స్లిప్ టెస్ట్, ఇట్లా కాలమ్స్ అన్నీ కలిపి ఒక గ్రేడ్ వేస్తాం, ప్రోగ్రెస్ కార్డు నింపుతాం, అమ్మని పిలుస్తాం. తెలుగు బి ప్లస్, లెక్కలు బి, ఇంగ్లీషు సి. ఆమె కార్డు తిప్పి తిప్పి చూసి "పాసేనా సార్?" అంటుంది. "పాసేలేమ్మా" అంటాం. సంతకం, లేదంటే వేలిముద్ర. అంతే, ఆమె ఇంటికి పోతుంది, మనం ఇంకో కార్డు తీస్తాం. ఇప్పుడు ఆ బి ప్లస్ పట్టుకుని ఆమె ఇంట్లో ఏం చేయాల చెప్పండి? బి అంటే పిల్లోడికి ఏమొచ్చినట్టు, ఏం రానట్టు? నిజం చెప్పాలంటే నెల తర్వాత అదే కార్డు చూపించి అడిగితే మనకే గుర్తుండదు.

అందుకని నేననేది ఒకటే. ఇంటికి పంపే కబురులో రెండు సంగతులు ఉండాల, ఇప్పుడు వాడికి ఏమొచ్చు అనేది ఒకటి, ఇంట్లో వాళ్ళు ఈ వారం చేయగలిగిన పని ఒకటి. అదీ వాళ్ళ మాటల్లో.

ఉదాహరణకి తెలుగు తీసుకోండి. మూడో తరగతి పిల్లోడికి "తెలుగు బి" అని రాసేదానికి బదులు, "అమ్మా, వీడికి గుణింతాలు వచ్చేసినాయి, అక్క, పువ్వు, బెల్లం లాంటి మాటలు తడుముకోకుండా చదువుతాడు, చక్రం, పుస్తకం లాంటివి వస్తే ఆగిపోతున్నాడు, ఒత్తు వేరే అక్షరానిది అయ్యేసరికి తికమక పడుతున్నాడు" అని చెప్పినామనుకోండి, ఆ అమ్మ ఏమీ చదువుకోకపోయినా తన కొడుకు ఎక్కడున్నాడో ఆమెకి తెలుస్తుంది. లెక్కల్లో "కూడికలు వచ్చినాయి, తీసివేతల్లో పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకునేది వచ్చినప్పుడు తప్పు చేస్తున్నాడు" అంటే చాలు. అప్పు తెచ్చుకోవడం గురించి మన ఊర్లో ఎవరికీ విడమరిచి చెప్పే పని లేదులెండి.

పల్లెల్లో పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే అని వింటుంటాం కదా, 2005 నుంచి చేస్తున్నారు, అందులో నాకు నచ్చింది ఏందంటే వాళ్ళు బడికి రారు, ఇంటికి పోతారు. ఇంటి ముందర పిల్లోడిని కూర్చోబెట్టి ఒక కాగితం ఇస్తారు, అక్షరాలు, పదాలు, ఒక చిన్న పేరా, ఒక కథ. ఎక్కడిదాకా చదివితే అక్కడిదాకా. పక్కన అమ్మ ఉంటుంది, అవ్వ ఉంటుంది, వీధిలో వాళ్ళూ చేరతారు, ఎవరూ చెప్పకుండానే వాళ్ళకి అర్థమైపోతుంది. 2024 సర్వేలో దేశం మొత్తమ్మీద పల్లెల్లోని గవర్నమెంటు బళ్ళలో మూడో తరగతి పిల్లలు రెండో తరగతి కథని చదవగలిగింది 23.4 శాతం, 2022లో అయితే 16.3 శాతమే. పెరిగింది, సంతోషమే, కానీ నలుగురిలో ముగ్గురికి పైగా ఇంకా చదవలేకపోతున్నారు. ఆ ముగ్గురి ఇళ్ళకీ "పాసేలేమ్మా" అనే కబురే పోతుంటుంది. సర్వే వాళ్ళు చేసే పని మనం చేయలేమా? ఆ కాగితం లాంటిది మన చేత్తో మనమే రాసుకోవచ్చు, ఖర్చేం లేదు.

చిన్న బడికి ఉండే సౌలభ్యం ఇక్కడే. మాది ఇద్దరు టీచర్ల బడి, ఐదు తరగతులు, ముప్పై మంది లోపే పిల్లలు. చట్టం ప్రకారం 60 మంది దాకా ఇద్దరే టీచర్లు, అందులో ఒకరు ట్రైనింగుకో యాప్ పనికో పోతే ఒక్కరే ఐదు క్లాసులు, ఆ కష్టం మీ అందరికీ తెలిసిందే, దాని గురించి మళ్ళీ మాట్లాడను. కానీ ముప్పై మంది అంటే ప్రతి పిల్లోడి పేరు, వాళ్ళ అవ్వ పేరు, ఇంట్లో ఎన్ని గొర్రెలున్నాయో కూడా మనకి తెలుసు. అంత దగ్గరగా ఉండి కూడా కార్డు మీద బి ప్లస్ రాసి పంపడమేంది అని నా బాధ.

ఇప్పుడు అసలు చిక్కు. మన ఏరియాలో అమ్మానాయన ఊర్లో ఉంటే కదా చెప్పేది. వేరుశనగ పంట తీసేశాక సగం ఇళ్ళకి తాళాలు, బెంగళూరు పోతారు, సెంట్రింగ్ పని, మట్టి పని, అపార్ట్‌మెంట్లలో వాచ్‌మెన్. పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. అవ్వ దగ్గర కీప్యాడ్ ఫోను, స్మార్ట్ ఫోను నాయన దగ్గర బెంగళూరులో. మనమేమో క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషులో పీడీఎఫ్ పెట్టి "పేరెంట్స్ రెస్పాన్స్ లేదు" అంటాం.

మా హెచ్ఎం మేడమ్ ఒక పని మొదలుపెట్టినారు, అది బాగా పనిచేసింది కాబట్టి చెప్తున్నా. జూన్లో బడి తెరిచినాక ఒక్కో పిల్లోడితో చిన్న పేరా చదివించి ఫోన్లో రికార్డు చేసినారు, అర నిమిషం అంతే. దీపావళి అయిపోయినాక మళ్ళీ చదివించినారు, అదే పేరా కాదండోయ్, కంఠస్థం చేసేస్తారు కాబట్టి అంతే కష్టంగా ఉండే ఇంకో పేరా. ఆ రెండు ఆడియోలు వరసగా వాళ్ళ నాయనకి పంపినారు. బెంగళూరు వైట్‌ఫీల్డ్ దగ్గర సెంట్రింగ్ పని చేసే ఒకాయన రాత్రి విని వాయిస్ మెసేజ్ పెట్టినాడు, "మేడమ్, మొదటిది మా వోడేనా? ఇంత ఆగి ఆగి చదివేటోడా? మా షెడ్డులో అందరికీ వినిపించినా" అని. ఆయన ఇంతకుముందు కార్డులో గ్రేడు ఎంతో ఏనాడూ అడిగింది లేదు. అప్పట్నుంచి ఆదివారం ఫోన్ చేసినప్పుడు "ఏదన్నా చదివి వినిపీరా" అంటున్నాడంట కొడుకుతో.

ఒక్క జాగ్రత్త. ఇది గ్రూపులో పెట్టకూడదు, ఎవరిది వాళ్ళకే పంపాల. మార్కుల లిస్టు ఫోటో తీసి గ్రూపులో పడేసే అలవాటు కొన్ని చోట్ల ఉంది, దయచేసి మానేయండి, ఆఖర్న ఉన్న పిల్లోడి అమ్మ ఆ రోజు నుంచి గ్రూపు తెరవదు, మీటింగుకీ రాదు. మనమేమో ఆమెకి ఇంట్రెస్ట్ లేదు అని రాసుకుంటాం.

ఇంట్రెస్ట్ సంగతి వచ్చింది కాబట్టి చెప్తా. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతా ఒకే రోజు మెగా పీటీఎం, అంటే తల్లిదండ్రులు-టీచర్ల మీటింగు, జరిగింది, 2025 జూలై 10న మళ్ళీ జరిగింది, దానికి సీఎం గారు మన పక్క జిల్లా కొత్తచెరువుకే వచ్చినారు. ముగ్గులు, పోటీలు, భోజనాలు, పండగ లాగానే చేసినాం, బాగుంది, బడి గేటు దాటి లోపలికి రాని తండ్రులు కూడా ఆ రోజు వచ్చినారు. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం, అంత జనంలో ఒక్కో పిల్లోడి గురించి ఎంతసేపు మాట్లాడగలం? పైగా సగం టైము, బడికి పోయే పిల్లల తల్లులకి గవర్నమెంటు వేసే తల్లికి వందనం డబ్బులు పడలేదు సార్, బ్యాంకు అకౌంటుకి ఆధార్ లింకు కాలేదు సార్, దీనికే పోతుంది. వాళ్ళ తప్పు కాదు, 13,000 రూపాయలు చిన్న మొత్తమేం కాదు. అందుకే పండగ పండగే, పిల్లోడి చదువు మాట్లాడేదానికి వేరే టైము కావాల.

ఆ టైము పొద్దున పదింటికి పెడితే ఎవరూ రారు. కలుపు తీసే సీజన్లో ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చి "మీవాడు బాగా అల్లరి" అని వినిపోవాలంటే నేనైనా రాను. మేము సాయంత్రం పెట్టుకున్నాం, డ్వాక్రా సంఘం మీటింగు జరిగే రోజే, అదే రచ్చకట్ట దగ్గర. వాళ్ళ పొదుపు లెక్కలు అయిపోయినాక మేము కూర్చుంటాం. రోజుకి నలుగురైదుగురు పిల్లల సంగతే, మిగతావి పైనెలకి. సెలవు రోజు కాదు, ఫోటోలు లేవు, రిజిస్టర్లో సంతకం మాత్రం ఉంటుంది, అది లేకపోతే మళ్ళీ మనకే ఇబ్బంది.

"మాకు చదువు రాదు కదా సార్, మేమేం చేస్తాం" అనే మాట ప్రతి ఊర్లో వినబడుతుంది. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఇదే. చదవడం రాకపోయినా వినడం వస్తుంది కదా. పిల్లోడిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ చదివించుకో అవ్వా, తప్పో ఒప్పో నీకు తెలియక్కర్లేదు, వాడు మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడా, లేకపోతే మనం మాట్లాడినట్టు చదువుతున్నాడా, అది నీ చెవికే తెలిసిపోతుంది. చదివినాక "కథలో ఏం జరిగింది రా" అని అడుగు. చెప్పలేకపోతే నోరు చదివింది గానీ బుర్రకి ఎక్కలేదని అర్థం, ఆ సంగతి పొద్దున నాకు చెప్పి పంపు. లెక్కలకైతే అంగడికి పంపి వంద నోటిచ్చి 64 రూపాయల సరుకు తెప్పించి మిగిలిందెంతో వాడితోనే చెప్పించు, అంగడాయన చెప్పకముందే. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకునే తీసివేత ఇదే కదా. ఆరో ఏడో చదివి ఆపేసిన అమ్మలకి ఇంకో సంగతి, ఇప్పుడు పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు ఉంటున్నాయి. ఇంగ్లీషు మీడియం అని భయపడి పుస్తకం ముట్టుకోని అమ్మలు చాలామంది ఉన్నారు, పక్క పేజీ చూపించండి వాళ్ళకి. వాళ్ళు చదివిన తెలుగు అక్కడే ఉంది.

ఇంకొకటి, కొంచెం చేదు విషయం. నాలుగో తరగతికి వచ్చి ఇంకా పదాలు చదవలేని పిల్లలు మన అందరి బళ్ళల్లోనూ ఉన్నారు. వాళ్ళ గురించి ఇంటికి ఎట్ల చెప్పాల? చెప్పకుండా దాచితే మోసం. చెప్తే ఆ రాత్రి ఇంట్లో వాడికి దెబ్బలు పడతాయి, ఇది నేను చూసినా. "సార్ చెప్పినాడు నీకేం రాదంట" అని వాతలు తేలేట్టు కొట్టి, తెల్లారి వాడు బడికి రాలేదు. కాబట్టి చెప్పే పద్ధతి చూసుకోవాల. నలుగురి ముందర వద్దు. పిల్లోడు లేనప్పుడు కూడా వద్దు, వాడి ముందరే చెప్పండి, ముందు వాడికి వచ్చింది చెప్పి, తర్వాత రానిది, ఆ తర్వాత "మేము రోజూ మధ్యాహ్నం భోజనం అయినాక ఇరవై నిమిషాలు వీడితో కూర్చుంటాం, మీరు రాత్రి పది మాటలు చదివించుకోండి, నెల తర్వాత మళ్ళీ ఇక్కడే చదివిద్దాం" అని. మన వంతు ఏందో చెప్పకుండా వాళ్ళ వంతు మాత్రమే చెప్తే అది నేరం మోపినట్టే వినబడుతుంది వాళ్ళకి.

మనం చెప్పడమే కాదు, వాళ్ళ దగ్గర వినేది కూడా ఉంది. రెండో తరగతి పాప ఒకామె బళ్ళో నోరు విప్పదు, పార్టిసిపేషన్ కాలమ్‌లో అన్నీ తక్కువే. వాళ్ళ జేజి ఒకరోజు "ఇంట్లో దాని నోరు మూయించేదానికి అయ్యేది లేదు సామీ, తమ్ముణ్ణి కూర్చోబెట్టి మీ మాదిరే బెత్తం పట్టుకుని అ ఆ లు చెప్తాది" అంది. బెత్తం మాట విని నేను తలొంచుకున్నా, మేము బెత్తం వాడం గానీ పాప ఎక్కడ చూసిందో ఏమో. అది పక్కన పెట్టండి. మరుసటి రోజు ఒకటో తరగతి పిల్లలు ఇద్దరిని ఆమెకి అప్పజెప్పినాం, చిన్నగా గొంతు బయటికి వచ్చింది. జేజి ఆ మాట చెప్పకపోయుంటే ఆ పాప ఐదో తరగతి దాకా "డల్" అనే పేరుతోనే పోయుండేది.

ఎస్‌ఎంసీ గురించి ఒక్క మాట చెప్పి ఆపుతా. కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాల, సగం మంది ఆడవాళ్ళు ఉండాల, చట్టమే చెప్పింది. కానీ మీటింగు మినిట్స్ చూడండి, ప్రహరీ గోడ, బాత్‌రూమ్, వంట గ్యాస్, భోజనంలో గుడ్డు. అన్నీ కావాల్సినవే, కాదనను. "ఈ నెల ఎంతమంది పిల్లలు పేరా చదవగలుగుతున్నారు, పోయిన నెల ఎంతమంది" అనే ప్రశ్న ఏ బడి మినిట్స్‌లోనైనా ఉంటే నాకు చూపించండి. పైనెల నుంచి మా మినిట్స్‌లో మొదటి పాయింట్ అదే పెట్టాలని మా చైర్మనమ్మ అంటోంది, బాత్‌రూమ్ రెండోది అంట.

నేను ఎక్కువే మాట్లాడినా. ఎంఈఓ (మండల విద్యాధికారి) సార్ టైము చూసుకుంటున్నారు. ఇప్పుడు మైకు ఎస్‌ఎంసీ వాళ్ళకి ఇస్తున్నా, మేము పంపే కబుర్లలో మీకు ఏది అర్థం కావట్లేదో చెప్పండి, మొహమాటం వద్దు. సార్లు, మేడమ్‌లు, మన వంతు తర్వాత.