మూత రాని భరిణె: కర్ర వస్తువులు చేయించుకునే ముందు

అందరికీ నమస్కారం. వెనక వరసదాకా వినిపిస్తోందా? సరే.

మాట్లాడే ముందు ఈ కుంకుమ భరిణెను ముందు వరసకు ఇస్తున్నాను. చేతులు మారుతూ వెనక్కి వెళ్ళనివ్వండి. మూత తీసి చూడండి. వస్తే సంతోషం. రాకపోతే పళ్ళు బిగించి లాగకుండా పక్కవాళ్ళకు ఇచ్చేయండి.

పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ ఇచ్చే గిఫ్టులు చేయించి ఇవ్వడం నా వ్యాపారం. షాపులో ఉన్నది కొనుక్కొచ్చి అమ్మేదాన్ని కాదు, చేయించేదాన్ని. ఈ రెంటికీ తేడా నాకు తెలుసనుకునేదాన్ని. తెలియదని ఈ భరిణె చెప్పింది.

ఒక పెళ్ళివారికి ఇలాంటివి 150 కావలసివచ్చాయి. పెళ్ళి మాఘంలో. నేను శ్రావణంలోనే ఆర్డరిచ్చాను. ఆరు నెలల ముందే పని మొదలుపెట్టాను కదా అని నా ముందుచూపుకు నేనే మురిసిపోయాను. చేసే ఆయన కర్రను చేత్తో తూచి, "పచ్చి ఇంకా పోలేదండి అమ్మగారు, రెండు నెలలు ఆగితే మంచిదండి" అన్నాడు. వినలేదు. ముందే చేసి పెట్టుకుంటే నాకు టెన్షన్ ఉండదు కదా! చేయించేశాను. వచ్చినప్పుడు ఒక్కొక్క మూతా వెన్నలో వేలు పెట్టినట్టు దిగింది. అట్టపెట్టెల్లో సర్ది అటక ఎక్కించాను.

మాఘంలో దించి చూస్తే కొన్నిటి మూతలు ఒకవైపు తిప్పితే వదులు, ఇంకోవైపు తిప్పితే బిగుతు. కొన్ని ఎటు తిప్పినా రావు. అక్షింతల వేళకు ఇంకా మూడు రోజులుంది.

చేసినవాడి చేతిలో లోపం లేదు. గుండ్రంగానే చేశాడు. కర్రే ఆ తర్వాత గుండ్రంగా ఉండడం మానేసింది. పచ్చి కర్రలోంచి మొదట్లో ఎంత తేమ పోయినా కర్ర సైజు మారదు, అది 30 శాతం దగ్గర నుంచి కిందికి దిగేటప్పుడే కర్ర కుంచించుకుంటుంది. ఆ కుంచించుకోవడం కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. నిలువునా, అంటే చెట్టు పెరిగిన దిక్కులో, దాదాపు ఏమీ ఉండదు. మొద్దును అడ్డంగా కోస్తే వలయాలు కనిపిస్తాయి చూడండి, ఆ వలయాల వెంట కుంచించుకునేది, నడిమి నుంచి బెరడు వైపు కుంచించుకునేదానికి ఇంచుమించు రెట్టింపు. అందుకే పచ్చిగా ఉన్నప్పుడు తరిణె, అంటే కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం, మీద పట్టిన గుండ్రటి డబ్బా ఆరాక కోలగా అవుతుంది. కంటికి కనిపించదు, మూతకు తెలుస్తుంది. వానాకాలంలో తలుపు గుమ్మానికి పట్టేసి, వేసవిలో సందు వదలడం మన ఇళ్ళల్లో చూడనిదా? అదే ఇది.

కాబట్టి ఇప్పుడు నేను ధర కంటే ముందు అడిగే ప్రశ్న, కర్ర కోసి ఎన్నాళ్ళయింది? ఎక్కడ ఆరబెట్టారు, నీడలోనా ఎండలోనా? పెద్ద ఆర్డరైతే తేమ చూసే చిన్న మీటరు పట్టుకెళతాను. ఇంట్లో వాడే వస్తువుకు 8 నుంచి 12 శాతం మధ్య ఉంటే ధైర్యంగా ముందుకెళ్ళొచ్చు. మీటరు చూసి ఆయన మొదట్లో నవ్వాడు. ఆయన అరచెయ్యీ నా మీటరూ చాలాసార్లు ఒకే మాట చెబుతాయి, ఆ మాట నిజమే. ఆ అరచెయ్యి నాకు లేదు కాబట్టి మీటరు.

ఇక ఏ వస్తువు ఎక్కడ చేయించాలన్నది. ఫోన్లో ఫొటో చూపించి "ఇలాంటిది కావాలి" అనడం మనకు అలవాటు. ఏటికొప్పాకకు వెళ్ళి చదరపు పెట్టె ఫొటో చూపించామనుకోండి, వాళ్ళు మొహమాటానికి కాదనకపోవచ్చు గానీ అది వాళ్ళ పని కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి పనితనమంతా తిరగడంలోనే ఉంది. అంకుడు కర్ర మెత్తనిది. దాన్ని తరిణెకు, ఇప్పుడైతే మోటారు లేత్‌కు, బిగించి తిప్పుతూ ఉలితో రూపం తెస్తారు. తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపు వస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు విడిగా వార్నిష్ వేస్తారేమో, ఆ డబ్బా ఎక్కడుందా అని వెతికాను. లేదు. అంటే గుండ్రంగా తిరిగేదైతేనే ఆ పని అందం దానికి వస్తుంది. భరిణెలు, బొంగరాలు, గిన్నెలు, గిలకలు అక్కడ చేయించండి. కంపెనీ లోగో అచ్చుగుద్దినట్టు రావాలంటే వేరే దారి చూసుకోండి.

లక్క గురించి ఇంకో రెండు సంగతులు, కొనేవాళ్ళకు మీరు చెప్పి తీరాల్సినవి. వేడికి మెత్తబడుతుంది. పొగలు కక్కే టీ గ్లాసు పెట్టే పళ్ళేలకు అది పనికిరాదు. రెండోది, స్పిరిట్‌లో కరుగుతుంది. ఒక ఆవిడ బొమ్మలు శుభ్రం చేద్దామని శానిటైజర్ పెట్టి తుడిచి, రంగంతా గుడ్డకు అంటిందని నాకు ఫోన్ చేసింది. పొడిగుడ్డ చాలు అన్న ఒక్క మాట నేను ముందే చీటీ రాసి పెట్టెలో వేసుంటే ఆ ఫోను వచ్చేదే కాదు.

రంగుల మాటకొస్తే, పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల లాంటి వాటితో తీసే సహజ రంగులను ఏటికొప్పాకలో మళ్ళీ నిలబెట్టడానికి పనిచేసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అలాంటి రంగు ఒక విడతలో ఉన్నట్టు ఇంకో విడతలో రాదు. షేడ్ కార్డు పెట్టి కొలవకండి. పెళ్ళివారికి అన్నీ అచ్చం ఒకే ఎరుపు కావాలంటే, సరుకంతా ఒకే విడతలో రంగు వేయమని ముందే అడగాలి.

కొండపల్లి దారి వేరు. అక్కడి కర్ర తెల్ల పొణికి, దూదిలాంటి తేలిక. చేతులు, కాళ్ళు, తలపాగా విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి రంగులు వేస్తారు. కొలువులో పెట్టుకోవడానికి దానికి సాటిలేదు. రెండేళ్ళ పిల్లాడి చేతికి మాత్రం నేనివ్వను. వాడు ముందు ఏనుగు తొండం విరుస్తాడు, తర్వాత నోట్లో పెట్టుకుంటాడు.

పిల్లల బొమ్మలు అమ్మాలనుకునేవాళ్ళు కాస్త వినండి. 14 ఏళ్ళలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారుల చేతి పనికీ, భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న బొమ్మలను అధీకృత వాడుకదారులు, అంటే ఆ గుర్తింపు కింద పేరు నమోదైనవాళ్ళు, చేసి అమ్మితే వాటికీ మినహాయింపు ఉంది. కాబట్టి మీకు చేసిచ్చే ఆయనకు ఆ నమోదు కార్డు ఉందా అని అడిగి నకలు తీసుకోండి. ఊరు మంచిదైనంత మాత్రాన సరిపోదు, చేసిన మనిషి పేరు నమోదై ఉండాలి.

కొలతలు. ఇక్కడే నేను ఎక్కువ డబ్బులు పోగొట్టుకున్నాను. నేను మిల్లీమీటర్లలో రాస్తాను, వడ్రంగి నూళ్ళలో వింటాడు. అంగుళానికి ఎనిమిది నూళ్ళు, అంటే నూలుకు మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. "ఒక నూలు అటూ ఇటూ" ఆయనకు సర్దుబాటు. భరిణె మూతకు అది సముద్రం. అందుకని ఇప్పుడు అట్టముక్కను అసలు సైజులో కత్తిరించి, కాయితం మీద కాకుండా ఆ అట్ట మీదే కొలత రాసి ఇస్తాను. ద్వారబంధాలు చేయించుకునేవాళ్ళకు ఇంకో మెలిక ఉంది. అడితిలో "అయిదు మూడు" (అంగుళాలు) అని కొన్న చెక్క చిత్రిక పట్టాక అయిదు మూడుగా మిగలదు, ఒక్కో వైపు కొంత పొట్టుగా రాలుతుంది. మీరు చెప్పేది కోత సైజా, పని పూర్తయ్యాక ఉండాల్సిన సైజా? ఒక్క ముక్క తేల్చుకుంటే తర్వాత గొడవ ఉండదు.

మొదట ఒక్కటే చేయించండి. దానికి పూర్తి ధర ఇవ్వండి, శాంపిల్ కదా అని బేరమాడకండి. దాన్ని ఇంటికి తెచ్చి పదిహేను రోజులు వాడండి. ఏసీ గదిలో పెట్టండి, వంటింట్లో పెట్టండి. నచ్చాక రెండోది చేయించి, ఒకటి వాళ్ళ దగ్గర, ఒకటి మీ దగ్గర, రెంటి అడుగునా తేదీ వేసి ఉంచండి. తర్వాత మాటామాటా వచ్చినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. 150 కావాలంటే 160 చెప్పండి, కర్రలో ముడి ఎక్కడ బయటపడుతుందో చేసేవాడికీ ముందు తెలియదు. డబ్బు విడతలుగా ఇవ్వండి గానీ, మొదటి విడతలో కర్ర ఖర్చు పూర్తిగా ఉండాలి. అడ్వాన్సు చాలకపోతే పచ్చి కర్ర కొని మొదలుపెడతారు, పచ్చి కర్ర పని ఎలా ఉంటుందో మీ చేతుల్లోనే తిరుగుతోంది.

విదేశాలకు పంపేవాళ్ళకు రెండు మాటలు. సరుకును చెక్క పెట్టెలో సర్దితే ఆ పెట్టె కర్రకు లోపలిదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలినట్టు ముద్ర ఉండాలి, లేకపోతే రేవులో ఆగుతుంది. ప్లైవుడ్ పెట్టెకు ఈ బాధ లేదు. ఇక ఎర్రచందనం బొమ్మ ఎవరైనా చవగ్గా ఇస్తామంటే చేతులు జేబులో పెట్టుకుని బయటికి రండి. దాని కాయితాలు, అనుమతులు మీ ఆర్డరు కంటే పెద్ద పని.

భరిణె ఎక్కడిదాకా వెళ్ళింది? నాలుగో వరసలో ఆగిందా? రావడం లేదు కదా. ఆ పెళ్ళికి మూడు రోజుల ముందు చేసినాయనకే ఫోన్ చేశాను. "నే చెప్పానండి" అని ఒక్క మాట కూడా అనలేదు. మూత, డబ్బా ఒకే ముక్కలోంచి తీశానండి, రెండూ ఒకేవైపు కోలగా అయ్యుంటాయి, కర్ర వాలు, అంటే నార సాగిన దిక్కు, కలిపి పెడితే వస్తాయండి అన్నాడు. లక్క కింద కర్ర వాలు కనిపించదు కదా అంటే, మూత అంచున సూదిమొనంత చుక్క పెట్టాను, డబ్బా అడుగునా ఒకటి ఉందండి అన్నాడు. ఇంటిల్లిపాదీ కూర్చుని చుక్కలు వెతికాం. పదిహేను తప్ప అన్నీ వచ్చాయి.

అమ్మా, కిటికీ పక్కన మీరే. వెలుతురులో పెట్టి చూడండి. చుక్క దొరికిందా? ఆ రెంటినీ ఒకదాని పైకి ఒకటి తెచ్చి, ఇప్పుడు మెల్లగా తీయండి.